పొద్దున్నే మొరాయించే గరాజ్ డోర్

ప్రశ్న: మేం డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. తూర్పు ముఖం ఇల్లు, ముందువైపే రెండు కార్ల గరాజ్. దీపావళి దాటినప్పటి నుంచి, పొద్దున పాపని స్కూల్లో దింపడానికి బయల్దేరే టైముకి గరాజ్ డోర్ మూసుకోవడం లేదు. సగం దాకా దిగి మళ్లీ పైకి పోతుంది, మోటార్ దగ్గర లైటు కొట్టుకుంటూ ఉంటుంది. ఒక్కోసారి అసలు కదలదు. సాయంత్రం, రాత్రి మాత్రం ఏ గొడవా లేదు. కింద ఉన్న రెండు సెన్సార్లనీ ఊడదీసి, ఎదురెదురుగా పెట్టి టేప్ చుట్టి, పైన మోటార్ పక్కన పడేస్తే పీడ విరగడవుతుందని మావారి స్నేహితుడు చెప్పాడు. వాళ్లింట్లో అలాగే చేశాడట. ఈ శనివారం మావారు ఆ పని పెట్టుకున్నారు. ఇండియా నుంచి అత్తయ్యగారు, మామయ్యగారు వచ్చి ఉన్నారు. రెండేళ్ల బాబు కూడా ఉన్నాడు. నాకెందుకో మనసొప్పడం లేదు. మెకానిక్‌ని పిలవాలా? డోర్‌ని తెరిచి మూసే మోటార్‌నే, అంటే ఓపెనర్‌నే మార్చేయాలా?

సమాధానం: ముందు ఆ శనివారం పని ఆపించండి. ఇప్పటికైతే మెకానిక్ అక్కర్లేదు, ఓపెనర్ మార్చనక్కర్లేదు, టేప్ అసలే వద్దు. తూర్పు ముఖం, పొద్దున పూట, దీపావళి తర్వాత. కారణం ఈ మూడు మాటల్లోనే ఉంది. మీ సెన్సార్ పాడైనట్టు లేదు. దాని కంట్లో ఎండ పడుతోంది.

మనవాళ్లు డల్లాస్ చుట్టుపక్కల ఇల్లు వెతికేటప్పుడు ముందు అడిగేది తూర్పు ముఖమా కాదా అని. దొరికితే సంతోషమే. కానీ గరాజ్ ముందువైపే ఉన్న ఇంట్లో సాధారణంగా సింహద్వారం ఎటు చూస్తే గరాజ్ డోర్ కూడా అటే చూస్తుంది. పొద్దుటి ఎండ పూజగదిలోకి ఎంత వస్తుందో తెలీదు గానీ, గరాజ్‌లోకి మాత్రం నేరుగా వస్తుంది, అదీ నేలబారుగా. సెన్సార్లు ఉండేదీ ఆ నేల దగ్గరే.

ఇంతకీ అవి చేసే పనేమిటో ఒకసారి చూద్దాం. డోర్‌కి అటూ ఇటూ, నేల నుంచి ఆరు అంగుళాలకు మించని ఎత్తులో, రెండు చిన్న డబ్బాలుంటాయి. చూడ్డానికి రెండూ కవలల్లా ఉన్నా పనులు వేరు. ఒకటి కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కిరణాన్ని పంపుతుంది, రెండోది దాన్ని అందుకుంటుంది. అందుకుంటున్నంతసేపూ ‘దారి ఖాళీగా ఉంది’ అని వైరు ద్వారా మోటార్‌కి కబురు వెళ్తూనే ఉంటుంది. ఆ కబురు ఆగిందా, దిగుతున్న డోర్ ఆగి పైకి తిరిగిపోతుంది. పిల్లాడు అడ్డం వచ్చినా, వైరు తెగినా, అద్దం మీద సాలెగూడు పట్టినా మోటార్‌కి తెలిసేది ఒక్కటే: కబురు రావడం లేదని. ఎందుకు రాలేదో దానికి తెలీదు. తెలీనప్పుడు మూయకుండా ఉండటమే దానికి నేర్పిన బుద్ధి. పొద్దున మీకు చిరాకు తెప్పిస్తున్నది అదే, మీ బాబుకి కాపలా కాస్తున్నదీ అదే.

ఎండలో కూడా ఇన్‌ఫ్రారెడ్ బోలెడంత ఉంటుంది. అది నేరుగా అందుకునే కంట్లో పడితే, అవతలి డబ్బా పంపే బలహీనమైన కిరణం అందులో కలిసిపోయి తెలియకుండా పోతుంది, మిట్టమధ్యాహ్నం ఆరుబయట ఫోన్ స్క్రీన్ కనపడనట్టే. ఎండ కాస్త అటూ ఇటూ అయితే ఆ కిరణం మళ్లీ తెలుస్తుంది. అందుకే మీ డోర్ ఒకరోజు అసలు కదలదు, ఒకరోజు సగం దిగి పైకి పోతుంది.

మరి ఎండాకాలమంతా బాగానే ఉండి ఇప్పుడే ఎందుకు? సూర్యుడు ఏడాది పొడుగునా ఒకేచోట ఉదయించడు. చలికాలంలో ఆగ్నేయానికి జరుగుతాడు, స్కూలు టైముకి ఇంకా పెద్దగా పైకి రాడు. గరాజ్ లోపల నిలబడి బయటికి చూడండి. మీది తూర్పు ముఖం కాబట్టి ఎడమ చేతి వైపు ఉత్తరం, కుడి చేతి వైపు దక్షిణం. ఎడమవైపు డబ్బా దక్షిణానికి తిరిగి ఉంటుంది. చలికాలం ఎండ ఏటవాలుగా వచ్చి పడేది దాని ముఖం మీదే. కుడివైపు డబ్బాకి ఎండ వీపు మీద పడుతుంది. మీ ఇంట్లో అందుకునే డబ్బా ఎడమవైపు ఉండి ఉంటుందని నా అనుమానం.

దాన్ని గుర్తుపట్టడం తేలిక. డబ్బాల మీద చిన్న ఎల్‌ఈడీ లైట్లుంటాయి. చాంబర్లేన్, లిఫ్ట్‌మాస్టర్ మోడళ్లలో సాధారణంగా పంపేదానికి పసుపు, అందుకునేదానికి ఆకుపచ్చ. జీనీ వాటిలో పంపేదానికి ఎరుపు, అందుకునేదానికి ఆకుపచ్చ. వేరే కంపెనీదైతే మాన్యువల్ చూడండి. అందుకునే డబ్బా లైటు నిలకడగా వెలుగుతుంటే కిరణం అందుతున్నట్టు. ఆరిపోయినా, మిణుకుమిణుకుమన్నా అందడం లేదన్నమాట.

రేపు పొద్దున డోర్ మొరాయించినప్పుడు మీవారిని ఆ డబ్బా పక్కన నిలబెట్టండి. ఆయన నీడ డబ్బా మీద పడాలి గానీ, కాళ్లు రెండు డబ్బాల మధ్య గీతకి అడ్డం రాకూడదు. నీడ పడగానే ఆకుపచ్చ లైటు నిలబడి, నీడ తీయగానే వణికితే ఇక వేరే పరీక్ష అక్కర్లేదు, ఎండే కారణం. నీడలో కూడా లైటు రాకపోతే మాత్రం గొడవ వేరేచోట ఉంది, దాని సంగతి కింద రాస్తాను.

ఎండే అని తేలితే వైద్యం చవక. టాయిలెట్ పేపర్ అయిపోయాక మిగిలే అట్ట గొట్టం తీసుకుని, లోపల నల్ల మార్కర్ పూసి, మూడు నాలుగు అంగుళాల పొడవుకి కత్తిరించి, అందుకునే డబ్బా కంటికి తొడుగులా తగిలించండి. మీ దగ్గర టేప్ ఎలాగూ ఉంది, ఇక్కడ వాడండి. గొట్టం తిన్నగా అవతలి డబ్బా వైపే చూడాలి, వంగి కిరణానికి అడ్డం పడకూడదు. తగిలించాక ఆకుపచ్చ లైటు నిలకడగా ఉందో లేదో చూసుకోండి. రెండు మూడు పొద్దులు బాగా పనిచేస్తే అట్ట తీసేసి అదే కొలతకి పీవీసీ పైపు ముక్క పెట్టుకోవచ్చు.

గొట్టంతో కుదరకపోతే డబ్బాలు రెండూ తారుమారు చేయండి. అందుకునేది దక్షిణం వైపు వస్తే చలికాలం ఎండ దాని వీపు మీద పడుతుంది. చాలా మోడళ్లలో రెండు డబ్బాల వైర్లూ మోటార్ దగ్గర ఒకే జత పిన్నులకి వెళ్తాయి. కాబట్టి ఓపెనర్ ప్లగ్ తీసేసి, డబ్బా దగ్గరే వైర్లు విప్పి, చార ఉన్న వైరుని చార ఉన్నదానికి, లేనిదాన్ని లేనిదానికి కలిపి, వైర్ల కొసల మీద తిప్పి బిగించే చిన్న టోపీ (వైర్ నట్) పెడితే సరిపోతుంది. సెన్సార్ వైర్లలో వెళ్లేది చాలా తక్కువ వోల్టేజీ, షాక్ భయం లేదు. అయినా ప్లగ్ తీయకుండా చేయొద్దు. పని మధ్యలో ఎవరైనా రిమోట్ నొక్కారంటే మీవారి తల మీదికి డోర్ వస్తుంది. వేసవిలో సూర్యుడు ఈశాన్యానికి వెళ్లినప్పుడు దీనికి తిరగబడి ఇబ్బంది వస్తుందేమో అంటారా? కొంచెం రావచ్చు. గొట్టం అప్పటికీ ఉంచండి. పైగా అప్పుడు స్కూళ్లకి సెలవులే.

ఇవన్నీ మొదలుపెట్టేముందు ఒక మెత్తటి గుడ్డతో రెండు అద్దాలూ తుడవండి. మన గరాజ్‌ల సంగతి తెలిసిందే. చేపల వేపుడు, పండగ పిండివంటల నూనె పొయ్యి ఇంట్లో వాసన పట్టకూడదని అక్కడే పెడతాం. ఆ నూనె జిడ్డు, దానిమీద దుమ్ము కలిసి అద్దం మీద పల్చటి పొర కడుతుంది. ఎండ లేకపోతే ఆ పొరతో కూడా నెట్టుకొస్తుంది, ఎండ తోడైతే చేతులెత్తేస్తుంది. ఇంకొకటి, చెప్పుల స్టాండు. డోర్ పక్కన పెట్టిన స్టాండు మీంచి ఒక షూ జారి సెన్సార్ బ్రాకెట్‌కి తగిలితే చాలు, అది ఒక వెంట్రుకవాసి పక్కకి తిరుగుతుంది. చెత్త డబ్బా చక్రం, పాప సైకిలు, గోడకి చేర్చిన బియ్యం బస్తా కూడా అంతే. మర వదులు చేసి, ఆకుపచ్చ లైటు నిలబడే దాకా చేత్తో మెల్లగా తిప్పి, మళ్లీ బిగించండి. ఆ రెండడుగుల చోట్లో సామాను పెట్టకండి.

ఇక టేప్ సంగతి. మీవారి స్నేహితుడు చెప్పిన ఉపాయం ఆయన కనిపెట్టింది కాదు, చాలా ఇళ్లలో చూస్తాం. డోర్ బాగానే పనిచేస్తుంది, నిజమే. రెండు డబ్బాలూ పైకప్పు దగ్గర ఒకదాన్నొకటి చూసుకుంటూ ‘దారి ఖాళీ’ అని రాత్రింబవళ్లు చెబుతూనే ఉంటాయి. కింద మీ బాబు కూర్చుని ఉన్నా అదే చెబుతాయి.

ఈ సెన్సార్లు కంపెనీలు ముచ్చటపడి పెట్టినవి కావు. 1980లలో ఆటోమేటిక్ గరాజ్ డోర్ల కింద ఇరుక్కుని పిల్లలు చనిపోవడం అమెరికాలో పెద్ద సమస్య అయింది. 1982 మార్చి నుంచి తమకు అందిన సమాచారం ప్రకారం 2 నుంచి 14 ఏళ్ల మధ్య పిల్లలు సుమారు 60 మంది అలా పోయారని ఇక్కడి వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ తన హెచ్చరిక పత్రంలో రాసింది. 1990లో అమెరికా చట్టసభ (కాంగ్రెస్) చట్టం చేసింది. దాని కింద వచ్చిన నిబంధనల ప్రకారం 1993 జనవరి 1 నుంచి ఇళ్ల కోసం తయారయ్యే ప్రతి ఓపెనర్‌కీ, దేనికైనా తగిలితే వెనక్కి తిరగడమే కాకుండా అదనంగా ఇంకో రక్షణ ఉండి తీరాలి. మీ డోర్ పక్కన ఉన్న రెండు డబ్బాలూ ఆ అదనపు రక్షణే.

తగిలితే తిరిగే గుణం ఎలాగూ ఉంది కదా అని మీవారు అనొచ్చు. ఉంది. నేల మీద పడుకోబెట్టిన ఒకటిన్నర అంగుళం మందం చెక్కకి తగిలితే డోర్ రెండు సెకన్లలో పైకి తిరగాలన్నది ప్రమాణం. కానీ ముందు తగలాలి. రెండు కార్ల డోర్ 150 పౌండ్లు దాటడం మామూలే. స్ప్రింగులు బాగుంటే ఆ బరువు తెలియదు, కానీ స్ప్రింగు నీరసించినా, మోటార్ ఎంత బలంగా తోయాలో చెప్పే ఫోర్స్ సెట్టింగ్ ఎవరైనా పెంచేసినా ఆ తిరగడం ఆలస్యమవుతుంది. చెక్క నలగదు, పసిపిల్లాడి సంగతి వేరు. సెన్సార్ ఉన్నది ఆ తగలడం దాకా రానివ్వకుండా. దాన్ని పీకేసి రెండోదాని మీద భారం వేయడం నేనొప్పుకోను. ఇల్లు అమ్మేటప్పుడు కూడా ఇది దాగదు. టెక్సాస్‌లో ఇల్లు కొనేవాళ్లు చేయించే ఇన్‌స్పెక్షన్ రిపోర్టులో గరాజ్ డోర్ ఓపెనర్‌కి విడిగా ఒక అంశం ఉంటుంది, పైకప్పు దగ్గర టేప్ చుట్టిన డబ్బాలు ఇన్‌స్పెక్టర్ కంట పడకుండా ఉండవు.

గొట్టం పెట్టేదాకా రేపు, ఎల్లుండి పొద్దున ఎలా అంటారా? చాలా ఓపెనర్లలో గోడకున్న బటన్ నొక్కి, డోర్ పూర్తిగా నేలకి ఆనేదాకా వేలు తీయకుండా పట్టుకుంటే సెన్సార్ ఏమన్నా డోర్ దిగుతుంది. రిమోట్‌తో ఇది కుదరదు, కుదరకూడదు కూడా. గోడ దగ్గరున్న మనిషి కళ్లతో చూస్తూ మూస్తాడన్న లెక్కతో ఇచ్చిన వెసులుబాటు అది. మీరు కారు బయటికి తీశాక మీవారో, మామయ్యగారో లోపల నిలబడి, బాబు ఎక్కడున్నాడో చూసుకుని మరీ బటన్ పట్టుకోవాలి. అదే అలవాటుగా మార్చుకోకండి.

సెన్సార్ బాగున్నా అది చూడనివి కొన్ని ఉన్నాయి. మీ ఇంట్లో పెద్దవాళ్లు, పసివాడు ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. కిరణం ఆరు అంగుళాల ఎత్తులో వెళ్లే ఒకే ఒక గీత. దాని పైన ఏముందో దానికి అక్కర్లేదు. ఎస్‌యూవీని పూర్తిగా లోపలికి తీసుకోకుండా ఆపితే వెనక బంపర్ డోర్ కిందే ఉంటుంది, కిరణం మాత్రం బంపర్ కింద నుంచి హాయిగా వెళ్లిపోతుంది. డోర్ వచ్చి డిక్కీ మీద పడుతుంది. డోర్ పైకి లేచేటప్పుడు సెన్సార్‌కి పనే లేదు. పిల్లలు హ్యాండిల్ పట్టుకుని వేలాడినా, పలకల మధ్య కీలులో వేలు పెట్టినా అది ఆపదు. బాబుని గరాజ్‌లో ఒంటరిగా వదలొద్దు, రిమోట్ బొమ్మలా చేతికివ్వొద్దు. గోడ బటన్ కనీసం 5 అడుగుల ఎత్తులో ఉండాలన్న నియమం ఉంది, మీది అంతకంటే కిందుంటే పైకి మార్పించండి.

మామయ్యగారికి ఒక మాట. పొద్దున వాకింగ్‌కి గరాజ్ గుండా వెళ్లే పెద్దవాళ్లు చాలామంది లోపల బటన్ నొక్కి, దిగుతున్న డోర్ కింద నుంచి వంగి, సెన్సార్ గీత మీంచి కాలెత్తి గెంతుతారు. డెబ్బై ఏళ్లకి ఆ విన్యాసం అవసరమా? బయటి గోడకి కీప్యాడ్ ఉంటే నంబరు నేర్పించండి, లేకపోతే ఒకటి పెట్టించండి. అదీ కుదరకపోతే సింహద్వారం ఉండనే ఉంది. మీరు ఆఫీసు నుంచి ఫోన్ యాప్‌తో డోర్ మూస్తే, దిగేముందు మోటార్ బీప్ బీప్ అని కూసి లైటు కొట్టుకుంటుంది. కంగారు పడక్కర్లేదని, ఆ చప్పుడు వినగానే డోర్ దగ్గర్నుంచి పక్కకి రావాలని అత్తయ్యగారికి ముందే చెప్పండి. పైన వేలాడే ఎర్ర పిడి తాడు కరెంటు పోయినప్పుడు డోర్‌ని మోటార్ నుంచి విడదీయడానికి. దానికి తడి తువాళ్లు తగిలించొద్దని కూడా చెప్పండి. డోర్ తెరిచి ఉన్నప్పుడు ఆ తాడు లాగడం ప్రమాదం. స్ప్రింగు తెగి ఉంటే మొత్తం బరువుతో ఒక్కసారిగా కిందికి వస్తుంది.

నెలకోసారి చిన్న పరీక్ష పెట్టుకోండి. రిమోట్ నొక్కి, డోర్ దిగుతుండగా లోపలివైపు నుంచి చీపురు కర్రని కిరణానికి అడ్డం పెట్టండి. వెంటనే పైకి తిరగాలి. తర్వాత హోమ్ డిపో లాంటి హార్డ్‌వేర్ షాపులో దొరికే, ఒకటిన్నర అంగుళం మందం ఉండే టూ బై ఫోర్ చెక్కని డోర్ కింద పడుకోబెట్టి మూయండి. తగిలి రెండు సెకన్లలో తిరగాలి. రెండింట్లో ఏది తప్పినా, బాగయ్యేదాకా ఓపెనర్ ప్లగ్ తీసేసి ఉంచండి.

ఇప్పుడు, నీడలో కూడా ఆకుపచ్చ లైటు రాకపోతే. పంపే డబ్బా లైటు కూడా ఆరిపోయి ఉంటే వైరు చూడండి. గోడ వెంట కొట్టిన స్టేపుల్ వైరులోకి దిగడం, ఎలుక కొరకడం, నేల దగ్గర తడికి రాగి పచ్చబడిపోవడం మామూలు కారణాలు. వైరు బాగుండి డబ్బాయే పోతే మీ మోడల్‌కి సరిపోయే కొత్త జత కొనుక్కుంటే చాలు. డోర్ నేలని తాకాకే పైకి పోతుంటే అది సెన్సార్ గొడవ కాదు, ఎంత దూరం దిగాలో చెప్పే లిమిట్ సెట్టింగ్ తప్పి ఉండొచ్చు.

మెకానిక్‌ని పిలవాల్సింది స్ప్రింగులకి, కేబుళ్లకి. డోర్ పైన అడ్డంగా ఉండే లావాటి స్ప్రింగు చుట్టుకుని విపరీతమైన బిగువుతో ఉంటుంది. దాని మరలు విప్పడం ఇంట్లో చేసే పని కాదు, మీవారికి చేతిలో ఎంత పనితనం ఉన్నా సరే. కేబుల్ పోగులు ఊడుతున్నా, డోర్ ఒక పక్కకి ఒరిగి దిగుతున్నా పిలిచేయండి. సెన్సార్ కోసం పిలిస్తే మాత్రం, వచ్చినతను ‘ఓపెనర్ పాతదైంది, కొత్తది పెట్టించుకోండి’ అంటే ఆకుపచ్చ లైటు సంగతి అడగండి.

గొట్టం పెట్టి, డబ్బాలు మార్చి చూసినా పొద్దున పూట అదే గొడవైతే, మోటార్ మీద ఉన్న మోడల్ నంబరు, మొరాయించినప్పుడు రెండు డబ్బాల లైట్లు ఎలా ఉన్నాయో, మోటార్ లైటు ఎన్నిసార్లు కొట్టుకుందో రాసి పంపండి. ఈలోగా మీవారి స్నేహితుడికి కూడా ఫోన్ చేసి, ఆ టేప్ విప్పి సెన్సార్లని కిందికి దించమని చెప్పండి. వాళ్లింటికి మీ బాబు ఎప్పుడైనా ఆడుకోవడానికి వెళ్లొచ్చు కదా.